పిల్లికి బల్లి తోడు

చిన్నపిల్లలకు చదివి వినిపించే బొమ్మల పుస్తకాలలో జంతువులదే పెద్దపీట. పుటకొక బొమ్మ, బొమ్మ కింద ఒకటి రెండు పంక్తులు, పంక్తుల చివర ప్రాస. ఇదీ వాటి రూపం. హైస్కూలుకు వచ్చిన విద్యార్థికి ఇవి పసివాళ్ల ఆటవస్తువులుగా కనిపిస్తాయి. కాని తెలుగునాటికి వెలుపల ఉన్న మన ఇళ్లలో ఈ పుస్తకాలను మీ వంటివాళ్లే చేతికి తీసుకోవాలని నా అభిప్రాయం. హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూరు వంటి చోట్ల ఎన్నో కుటుంబాలలో తల్లిదండ్రులు తెలుగు చక్కగా మాట్లాడతారు. వారు బడిలో చదువుకున్నది మాత్రం తమిళమో, కన్నడమో, ఒడియానో, మరాఠీనో. తెలుగు అక్షరాలను తడుముకోకుండా చదవగలిగిన మనిషి ఆ ఇంట్లో మీరొక్కరే కావచ్చు. తమ్ముడికో, చెల్లెలికో, అక్క కొడుక్కో తెలుగు పుస్తకం చదివి వినిపించే పని మీరు చేయకపోతే మరొకరు చేస్తారన్న నమ్మకం లేదు. యానాం సంగతి కొంత వేరు. అక్కడ చుట్టూ తెలుగే.

"కథ ఏ భాషలో వింటేనేం, పిల్లి పిల్లే గదా!" అని కొందరు అంటారు. మామూలు కథ విషయంలో ఆ మాట కొంతవరకు నిజమే. నేషనల్ బుక్ ట్రస్టువారి నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు అవే బొమ్మలతో అనేక భారతీయ భాషలలో వచ్చాయి. కథ ఎక్కడికి పోయినా కథే. ప్రాస పుస్తకం అలా కాదు. అందులో ఏ జంతువు పక్కన ఏ జంతువు నిలవాలో నిర్ణయించేది భాష. తెలుగులో కుక్కకు నక్క తోడు, పిల్లికి బల్లి తోడు, ఎలుకకు చిలుక తోడు. తమిళంలో కుక్క 'నాయ్', నక్క 'నరి'. వాటి చివరలు కలవవు. అయితే అక్కడ పిల్లి 'పూనై', ఏనుగు 'యానై'. కనుక తమిళ పాటలో పిల్లీ ఏనుగూ హాయిగా చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడవవచ్చు. కన్నడంలో ఎలుక 'ఇలి', పులి 'హులి'. ఎలుకా పులీ ఎదురుపడితే ఎంత తమాషా పుడుతుందో ఊహించండి! ఆ తమాషా కన్నడానిది. దాన్ని మాటకు మాటగా తెలుగులోకి దింపితే ఎలుకా మిగులుతుంది, పులీ మిగులుతుంది, మోత మాత్రం పోతుంది. ఇంటి భాషా, ఊరి భాషా రెండూ వచ్చిన మీరు రెండు తమాషాలనూ అనుభవించగలరు. ఒక్క భాషే వచ్చిన పిల్లలకు ఈ అదృష్టం లేదు.

ఇంగ్లీషులో జూలియా డొనాల్డ్‌సన్ రాసిన 'ది గ్రఫలో' అనే బొమ్మల పుస్తకం 1999లో వెలువడింది. దానికి ఆధారం ఒక చైనా జానపద కథ. ఆ కథలో ఉన్నది పులి. 'టైగర్' అనే మాటకు ప్రాస కుదరక రచయిత్రి పులిని పక్కన పెట్టి, ప్రాసకు ఒదిగే గ్రఫలో అనే కొత్త మృగాన్ని కల్పించింది. తెలుగు రచయితకు ఈ అవస్థ లేదు. మన పులికి చలి ఉంది, గిలి ఉంది, అన్నిటినీ మించి ఆకలి ఉంది.

అలాగని తెలుగులో వచ్చే ప్రాస పుస్తకాలన్నీ మంచివని చెప్పలేను. మన భాషలో వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది. కుక్క మొరిగింది, ఆవు మేసింది, కాకి ఎగిరింది. ఏ జంతువు ఏ పని చేసినా చివర 'ంది' రావలసిందే. దీనితో ప్రాస కుదిరిందని తృప్తిపడే రచయితలు ఉన్నారు. అక్కడ మోగుతున్నది వ్యాకరణమే గాని ప్రాస కాదు. 'వచ్చింది'కి 'పోయింది' ప్రాస కానేరదు. 'మెచ్చింది' అవుతుంది, 'తెచ్చింది' అవుతుంది. పుస్తకం కొనేముందు ఒక్క పుట పైకి చదివి చూడండి. చెవి ఒప్పుకోకపోతే బొమ్మలు ఎంత రంగురంగులుగా ఉన్నా పక్కన పెట్టవచ్చు.

పైకి చదవడంలోనూ ఒక పద్ధతి ఉంది. గోడమీద పిల్లి బొమ్మ చూపించి, రెండో పంక్తిలో చివరి మాట దగ్గర ఆగండి. పుట తిప్పకండి. పసివాడు మీ ముఖం చూస్తాడు, గోడ చూస్తాడు, 'బల్లి!' అని అరుస్తాడు. అప్పుడు పుట తిప్పితే బల్లి ఉంటుంది. తన మాటే పుస్తకంలోంచి బయటికి వచ్చినట్టు వాడికి తోస్తుంది. అక్షరం రాని బిడ్డకు చదువుమీద మొదటి ఆశ పుట్టేది ఇక్కడే. బ్రాడ్లీ, బ్రయంట్ అనే పరిశోధకులు ఇంగ్లండులో నాలుగైదేండ్ల పిల్లలు సుమారు 400 మందిని పరీక్షించి, ఆ తరువాత కొన్నేళ్లపాటు గమనించారు. మాటలలో ఒకేవిధమైన ధ్వనులను పోల్చుకోగలిగిన పిల్లలు తరువాత చదవడంలో ముందున్నారని 1983లో ప్రకటించారు. అది ఇంగ్లీషు గురించిన పరిశోధన. మన లిపి తీరు వేరు. అయినా 'కుక్క' చివరా 'నక్క' చివరా ఒకే మోత విన్న పిల్లవాడికి, రెంటి చివరా 'క' కింద అదే వత్తు కనిపించినప్పుడు విషయం తేలికగానే అందుతుంది. అసలు ప్రాస మీద మక్కువ మన ఇళ్లలోనే ఉంది. 'పులీ లేదు, గిలీ లేదు, పడుకో' అని అమ్మ కసిరినప్పుడు ఏడ్చే బిడ్డ కూడా నవ్వుతాడు.

ఇందులో నీతి ఏముంది అని అడిగే పెద్దలకు ఒక మనవి. పంచతంత్రం గొప్పదే. కాని అందులోని సింహమూ నక్కా రాజులూ మంత్రులూ వేసుకున్న జంతువేషాలు. రెండేళ్ల బిడ్డకు మంత్రాంగం అక్కరలేదు. తోక కావాలి, అరుపు కావాలి, మళ్లీ మళ్లీ వినడానికి లయ కావాలి. నీతి రెండేళ్లు ఆగినా ఫరవాలేదు.

తెలుగునాటికి దూరంగా ఉన్నామని మీరు వెనుకాడవలసిన పని కూడా లేదు. పక్షుల పెళ్లి సంబరాన్ని పిల్లల పాటగా చేసిన 'చిలకమ్మ పెండ్లి' రచయిత గిడుగు వెంకట సీతాపతి. ఆయన తండ్రి రామమూర్తి పంతులుగారు బడిలో చదువు చెప్పి, సవరభాషకు సేవ చేసి, దీర్ఘకాలం జీవించిన ఊరు పర్లాకిమిడి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఆ ఊరు అటు వెళ్లింది. న్యాయపతి రాఘవరావుగారి 'బాల' పత్రిక 1945లో, 'చందమామ' 1947లో మద్రాసులో పుట్టాయి. అప్పటికి మద్రాసు ఉమ్మడి రాష్ట్రానికి రాజధాని, నిజమే. అయినా తెలుగు పిల్లల పాటా కథా పెరిగిన వీథులలో కొన్ని ఇప్పుడు మన రాష్ట్రాలలోనే ఉన్నాయి.

పుస్తకం దొరకకపోతే మీరే తయారు చేయవచ్చు. నాలుగు తెల్లకాగితాలు మధ్యకు మడిచి కుడితే పదహారు పుటలు. మీ ఇంట్లో, మీ వీథిలో వాడే పేర్లే రాయండి. కోస్తా మాట ఒకటి, మీ నాయనమ్మ మాట ఒకటి అయితే నాయనమ్మ మాటకే ముందు ప్రాస వెతకండి. దొరక్కపోతే ఆమెనే అడగండి. బొమ్మ బాగా రాకపోయినా చింతలేదు. మీరు గీసిన గాడిదను మీ తమ్ముడు గుర్రమంటే, గుర్రానికే పాట కట్టండి.