వెండి ఎవరికి, ఒట్టి ఫిల్ము ఎవరికి?

మా అమ్మ ఫొటో ఒక్కటే ఉంది. అది గూడ ఫొటో కాదు, ఫిల్ము ముక్క.

1995లో గద్వాల దగ్గరి మా మాదిగవాడ నుంచి అమ్మ గుంపు మేస్త్రీ వెంట కర్ణాటకకు కాల్వ పనికి పోయింది. పని తీరిన రోజు కంట్రాక్టరు తెల్లబట్టలేసుకొని కుర్చీల కూసున్నడు. కూలోళ్లు వెనక నిలవడ్డరు. ఫొటో కొననీకి పైసల్లేక, పారేసిన నెగెటివ్‌ను అమ్మ కొంగున ముడేసుకొని తెచ్చింది. 2003లో అమ్మ పోయింది.

మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటోణ్ణి నేనే. సర్కారు బళ్లె సారునైనంక దాన్ని ప్రింటు వేయించిన. కంట్రాక్టరు చొక్కా మడతలు లెక్కపెట్టొచ్చు. అమ్మ ముఖం ఉండాల్సిన చోట నల్లటి మరక.

బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము మీద వెండి ఉప్పుల పూత ఉంటది. కడిగేటప్పుడు, వెలుతురు తగిలిన చోట అది వెండిగా మిగిలి నల్లబడతది. తగలని చోట పూత కొట్టుకపోయి ఒట్టి ఫిల్ము మిగులుతది. కెమెరా ఆయన తెల్లచొక్కాకు వెలుతురు కొలిచిండు. వెండంతా చొక్కాకు పోయింది. అమ్మకు ఒట్టి ఫిల్ము దక్కింది. భూమి పంపకం గూడ గిట్లనే గద!

ఒక్కని తప్పనుకోకండి. కొడాక్ కంపెనీ రంగుల ప్రింట్లు సరిచూసుకొమ్మని ల్యాబులకు పంపిన 'షర్లీ కార్డు' మీద దశాబ్దాల పాటు తెల్ల ఆడమనిషే ఉన్నది. ఆమె తోలు సరిగ్గా వస్తే ఫొటో సరి. నల్లోళ్లు కనబడకపోతే తప్పు నల్లోళ్లదే!

నేను నల్ల సిరా తీసుకున్న. ఉన్నది ఒక్కటే ఫిల్ము. చెయ్యి వణికింది. అమ్మ ముఖం జాగల సన్నగ రాసిన. ప్రింటులో నల్లటి మరక మీద తెల్లక్షరాలు లేచినయి:

ఎండల్నే నిలవడ్డ.
కనబడలేదా?

వనపర్తిలో ఒక సభల చూపిస్తే ఒక పెద్దమనిషి 'ఏం సారూ, ఫొటో ఖరాబ్ చేసుకున్నరు, ఇది కవిత్వమెట్లయితది?' అన్నడు.

అయ్యా, నేను గూడ తెలుగు చదివిన. అక్షరాలను తామరపువ్వులో అమరిస్తే పద్మబంధం, పాము మెలికల్లో అమరిస్తే నాగబంధం. దాన్ని చిత్రకవిత్వమని మెచ్చుకున్నరు. పండితులను పోషించినందుకు మా సంస్థానాన్ని 'విద్వద్గద్వాల' అన్నరు. ఆ మట్టికోటకు మట్టి మోసిందెవరో ఏ బంధంలో ఉంది? అక్షరం పాము మీద పండుకుంటే కవిత్వం, మా అమ్మ ముఖం మీద నిలవడితే ఖరాబా?

ఇప్పుడు ఫిల్ము కెమెరా మళ్లీ ఫ్యాషనైంది. మెడకేసుకొని వాడలకొస్తున్నరు. ముడతల ముఖం, పగిలిన మడిమ తీసుకొని, కింద మూడు పాదాల జాలి రాసుకొని పోతున్నరు. ఆ జాలి మాకొద్దు. మా ముఖం మీద మా అక్షరమే ఉండాలె.

నాగర్‌కర్నూల్ దిక్కు నేను చెప్పే బళ్లె పిల్లల్ని ఇండ్లల్ల ఉన్న పాత నెగెటివ్‌లు తెమ్మన్న. బొంబాయి, పుణె వలసపోయినోళ్ల ఫిల్ములు వచ్చినయి, బూజుతోని, గీతలతోని. ఒక పిల్ల, తాత కట్టిన మేడ ముందు తాత నిలవడ్డ ఫొటో మీద రెండే మాటలు రాసింది: 'కట్టిండు. ఉండలేదు.' ఆ రెండు మాటలకు ఏ వ్యాఖ్యానం కావాలె?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ప్రింటులు చెదలు తిన్నా నెగెటివ్‌లు మిగిలి ఉంటయి. పాతసామాన్లోనికి ఎయ్యకుండ్రి. ఇంటికి పోయి పెట్టె తెరువుండ్రి. ఎవరు నడుమ కూసున్నరో, ఎవరు నల్లగ మాసిపోయిన్రో చూడుండ్రి. సిరా తీసుకోండ్రి.