బెంజైల్ మన బ్రాంచి కాదా?

"సీఎస్‌ఈ వాళ్ళకి కెమిస్ట్రీ ఎందుకురా?" ఫస్టియర్‌లో ఈ మాట అనని వాళ్ళు నాకైతే కనపడలేదు. ఆ మాటతో నాకు పేచీ ఉంది.

హిందూపురం నుంచి ధర్మవరం పోయే దారిలో, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ ఉంది కదా. 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. మనవాళ్ళు దాని గురించి మాట్లాడితే ఉద్యోగాలు, లేకపోతే భూముల రేట్లు. ఇంజన్ లోపల ఏం జరుగుతుందో ఎవరూ అడగరు. పెట్రోల్‌లో టోలీన్ ఉంటుంది. ఆ వేడికి దాన్నుంచి ఒక హైడ్రోజన్ ఊడిపోతే మిగిలేది బెంజైల్ రాడికల్. (తెలుగు మీడియం ఫ్రెండ్ దీన్ని 'స్వేచ్ఛా ప్రాతిపదిక' అంటాడు. నాకు ఆ పేరే నచ్చింది.) దాంట్లో ఒక ఎలక్ట్రాన్‌కి జత ఉండదు. మామూలుగా ఇలాంటివి దొరికినదాని మీద పడిపోతాయి. బెంజైల్‌లో మాత్రం ఆ ఎలక్ట్రాన్ రింగులోకి కూడా పరుచుకుంటుంది, అందుకే ఆక్సిజన్‌తో అంత తొందరగా కలవదు. టోలీన్ ఉంటే ఇంజన్‌లో నాకింగ్ తగ్గడానికి ఇదొక కారణం.

అట్లాగని సీసాలో పట్టి దాచలేం. రెండు బెంజైల్‌లు ఎదురుపడితే అతుక్కుపోతాయి. మరి ఎట్లా చూశారు? 1950లలో జార్జ్ పోర్టర్ బృందం ఒక బలమైన ఫ్లాష్‌తో ఆవిరిలోని అణువుల్ని పగలగొట్టి, ఆ వెంటనే ఇంకో ఫ్లాష్‌తో స్పెక్ట్రమ్ ఫోటో తీసింది. ఫ్లాష్ పద్ధతికి పోర్టర్‌కి 1967లో నోబెల్‌లో వాటా వచ్చింది. ఇప్పుడైతే వాయువుని సన్నని రంధ్రంలోంచి శూన్యంలోకి వదిలి, కొన్ని కెల్విన్‌ల దాకా చల్లబరుస్తారు. అప్పుడు 450 నానోమీటర్ల దగ్గర, నీలం వెలుగులో, అలుక్కుపోయిన స్పెక్ట్రమ్ కాస్తా విడివిడి గీతలవుతుంది.

"మన కాలేజీలో లేజర్ లేదు, వాక్యూమ్ పంపు లేదు, ఇది మనది కాదు" అంటారు. సగం నిజం. కానీ వందల గీతల్లో ఏది ఏ శక్తి స్థాయి నుంచి ఏ స్థాయికి పోయిందో తేల్చి, అన్నిటికీ సరిపోయే నాలుగైదు స్థిరాంకాలు పట్టుకోవడం ఎవరి పని? లీస్ట్ స్క్వేర్స్, మ్యాట్రిక్స్‌లు, ఐగెన్ విలువలు. మన సిలబస్సే! బ్రిస్టల్ యూనివర్సిటీలో పుట్టిన పీగోఫర్ సాఫ్ట్‌వేర్ ఉచితం, సోర్స్ కోడ్‌తో సహా. ల్యాప్‌టాప్ చాలు. ఒక్క రాత్రిలో అయిపోతుందని మాత్రం చెప్పను, క్వాంటమ్ మెకానిక్స్ మొదటి పాఠాలకే ఒక సెమిస్టర్ పడుతుంది.

స్పెక్ట్రోస్కోపీ మన తెలుగువాళ్ళకి కొత్త కూడా కాదు. ఆంధ్రా యూనివర్సిటీలో కె. రంగధామరావు గారు ఎప్పుడో దానికి ఒక బడే కట్టారు.

అందుకే, మినీ ప్రాజెక్టుల లిస్టులో అటెండెన్స్ యాప్‌ల పక్కన ఇదొకటి పెట్టమని, కెమిస్ట్రీ సార్‌నీ మన సార్‌నీ కలిపి గైడ్‌లుగా ఇవ్వమని హెచ్ఓడీ గారిని అడుగుదామంటున్నా. ఇద్దరు తోడొస్తే చాలు.