క్వయర్‌లో అందరి చేతిలో ఒకే కాగితం ఉండాలి

సంఘ పెద్దలకు, క్వయర్ మాస్టర్లకు, పాడే ప్రతి ఒక్కరికీ విజ్ఞప్తి!

క్రిస్మస్ దగ్గరపడితే మన ప్రాక్టీసులు ఎలా సాగుతున్నాయో చూస్తూనే ఉన్నాం. సొప్రానో వాళ్లది ఒక జిరాక్సు, బాస్ వాళ్లది మరొకటి, కీబోర్డు తమ్ముడి ఫోన్లో ఇంకెవరో రాసిన కార్డులు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే సాహిత్యం మీద రాగం, తాళం పేర్లుంటాయి, స్వరాలుండవు. ఆల్టో, టెనార్ వరసలు చాలా సంఘాల్లో పెద్దల జ్ఞాపకంలోనే ఉన్నాయి. వాటిని వాళ్లతోనే పోనివ్వడం న్యాయమా?

ప్రతి పాటకూ ఒక లీడ్ షీట్ తయారుచేద్దాం. పైన కార్డులు, మధ్యలో అసలు వరస, కింద తెలుగు సాహిత్యం. మ్యూజ్‌స్కోర్ సాఫ్ట్‌వేర్ ఉచితం, తెలుగు అక్షరాలనూ తీసుకుంటుంది.

ముందు నాలుగు గొంతులనూ విడివిడిగా ఎక్కించండి. టెనార్‌ను ట్రెబుల్ క్లెఫ్‌లో రాస్తే, కింద 8 అంకె ఉన్న క్లెఫ్‌నే ఎంచుకోండి. లేకపోతే కంప్యూటర్ ఒక ఆక్టేవ్ పైన పలికిస్తుంది. అసలు వరస ఎక్కువగా సొప్రానోదే. టెనార్ అందుకున్న చోట మాత్రం దాన్నే షీట్‌లోకి తేవాలి. ఇక అసలు పని కార్డులది. తాళం దెబ్బ పడిన చోట నాలుగు స్వరాలనూ నిలువుగా చదవండి. బాస్ జి, టెనార్ డి, ఆల్టో బి, సొప్రానో జి ఉంటే అది జి మేజర్. పై గొంతులు జి, డి పట్టుకుని ఉండగా బాస్ బి పాడుతుంటే ‘జి/బి’ అని రాయాలి. ఆ గుర్తు వదిలేస్తే గిటార్ వాయించే అబ్బాయికి బాస్ నడక తెలియదు. దారిలో తగిలే ప్రతి స్వరానికీ కొత్త కార్డు పెట్టకండి, వాయించేవాళ్లు తికమకపడతారు. ఆల్టో విడిగా పలికే చోట ఆ ముక్కను అదే వరసలో, కాడలు కిందికి తిప్పి చేర్చండి. సొప్రానో కాడలు పైకి ఉంటాయి కనుక కన్ను పొరబడదు.

నాలుగు గొంతుల ఫైలు మాత్రం చెరపకండి, శ్రుతి మార్చాలన్నా మళ్లీ నేర్పాలన్నా అదే మూలం. హాండెల్ హల్లెలూయా కోరస్‌ను ఇలా కుదించమని మేం అనడం లేదు. అక్కడ గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకుంటాయి, నాలుగు వరసలూ కళ్లముందు ఉండాల్సిందే. మన రోజువారీ కీర్తనలకు ఆ అవసరం లేదు.

సంఘ కమిటీ ఒక కంప్యూటరు, జిరాక్సు ఖర్చు భరించాలి. యువజనుల్లో ఇద్దరు బాధ్యత తీసుకోవాలి. వచ్చే ఆదివారం ఆరాధన కాగానే, మీరు తరచూ పాడే కీర్తన ఒకటి ఎంచుకోండి. మీ క్వయర్‌లో పెద్ద టెనార్ గారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన పాడుతుండగా ఎక్కించడం మొదలుపెట్టండి.