శ్రామికుని మాట

కర్మాగారమున ప్రమాదము జరిగినంతనే “పనివాని అజాగ్రత్తయే కారణ”మని చేతులు దులుపుకొనుట న్యాయము కాదు. 1948 నాటి కర్మాగారముల చట్టము యంత్రములకు రక్షణ కంచెలుండవలెననియు, అధికారులు తనిఖీ చేయవలెననియు శాసించెను. అది మేలే. కాని అధికారి ఎన్నడో యొకనాడు వచ్చును. శ్రామికుడు దినదినము యంత్రము చెంతనే యుండును.

1984 డిసెంబరులో భోపాల్ నగరమున విషవాయువు వెలువడి వేలమంది మరణించిరి. పిమ్మట 1987లో చట్టమును సవరించి, అపాయకరమైన పనులు జరుగు కర్మాగారములలో యాజమాన్యమువారును శ్రామికులును సమసంఖ్యలో గల భద్రతా సంఘముండవలెనని విధించిరి. ముంచుకొనివచ్చు అపాయమును గూర్చి హెచ్చరించు హక్కును శ్రామికునకు కల్పించిరి.

ఇదియే సరియైన మార్గము. గొట్టము కారుచున్నదని మొదట గ్రహించువాడు దానిచెంత నున్నవాడే. ఆతని మాట నాలకింపక, చేతులు కాలినపిమ్మట ఆకులు పట్టుకొన్న ఫలమేమి? బాలబాలికలారా! రేపు మీరు పనివారైనచో హెచ్చరించుటకు వెనుదీయకుడు. యజమానులైనచో హెచ్చరించినవానిని కసరకుడు.