ఐపీ పెట్టినవాడికి సర్కారు సొమ్మొస్తే అది ఎవరిది?

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఐపీ అంటే ఐపీ అడ్రస్సే. మా ఉపమాక వైపు మాత్రం "ఫలానా ఆయన ఐపీ పెట్టేశాడట" అంటే అప్పులిచ్చినవాళ్ళ గుండెల్లో రాయి పడుతుంది. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్, అంటే దివాలా అర్జీ అన్నమాట.

మా నక్కపల్లి మండలంలో కొన్నేళ్ళుగా భూసేకరణ మాటలే. విశాఖ-చెన్నై పారిశ్రామిక కారిడార్, బల్క్ డ్రగ్ పార్కు (దీనికి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు)... అందుకే ఈ ప్రశ్న. ఐపీ పెట్టిన రైతుకి ఆ తర్వాత ప్రభుత్వం నష్టపరిహారం ఇస్తే, అది రైతుదా, అప్పులవాళ్ళదా?

ముందు చట్టం సంగతి. 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చింది గానీ, అందులో వ్యక్తుల దివాలా భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకి హామీ ఉన్నవాళ్ళ వరకే అమలు చేశారు. మామూలు రైతుకి ఇంకా 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే గతి. దాని సెక్షన్ 28 ప్రకారం, కోర్టు దివాలా ప్రకటించగానే అతని ఆస్తి కోర్టుకో, రిసీవరుకో పోతుంది. ఆ తర్వాత, విడుదల ఉత్తర్వు వచ్చేలోపు సంపాదించినదీ అంతే. విడుదలయ్యాక కొత్తగా సంపాదించుకున్నది అతనిదే.

చిక్కంతా ఇక్కడే. ఐపీకి ముందే పొలం పోయింది, పరిహారం చాలదని సెక్షన్ 64 కింద రిఫరెన్సు అడిగాడు, విడుదలయ్యాక పెరిగిన సొమ్ము చేతికొచ్చింది అనుకోండి. అది పాతదా, కొత్తదా? మన భాషలో చెప్పాలంటే రికార్డు క్రియేట్ అయిన తేదీ చూడాలా, అప్‌డేట్ అయిన తేదీ చూడాలా?

క్రియేట్ తేదీయే చూడాలని నా వాదన. హక్కు పొలంతోపాటే పుట్టింది, డబ్బు ఆలస్యంగా వచ్చిందంతే. అమెరికా సుప్రీంకోర్టు 1828లోనే, కొమెజిస్ వర్సెస్ వాస్ కేసులో, ఇలాగే తేల్చింది. స్పెయిన్ పట్టుకున్న ఓడల తాలూకు పరిహారం 1819 ఒప్పందం తర్వాత వచ్చింది. వాస్ దివాలా తీసింది 1802లో. అయినా ఆ సొమ్ము అప్పులవాళ్ళ తరఫు ప్రతినిధులకే అన్నారు.

అప్పులవాడనగానే మనకి సినిమాలో వడ్డీవ్యాపారి గుర్తొస్తాడు. పల్లెల్లో చాలాసార్లు ఆ అప్పిచ్చేది కూతురి పెళ్ళికి దాచిన డబ్బు చేబదులిచ్చిన పక్కింటావిడ. తాకట్టున్న బ్యాంకుకి భయం లేదు, ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 73 ప్రకారం తన బాకీ పరిహారంలోంచి రాబట్టుకోవచ్చు. నోటు మీద ఇచ్చిన ఆవిడకి మిగిలేది రిసీవరు పంచే వాటాయే. పరిహారం రాబోతోందని తెలిసీ దాన్ని దాచి ఐపీ పెట్టేవాడి మీద నాకేం జాలి లేదు.

అయితే ఇదంతా భూమి ధరకే, దాని మీద ఇచ్చే నూరు శాతం సొలేషియంకే. 2013 చట్టం రెండో షెడ్యూల్లో వేరే సొమ్ముంది. ఉద్యోగం ఇవ్వకపోతే కుటుంబానికి 5 లక్షలు, ఏడాదిపాటు నెలకి 3,000 జీవనభృతి, సామాను తరలించుకోడానికి 50,000 వగైరా. ఇది పోయిన పొలానికి ధర కాదు, రేపటి బతుకుకి ఆసరా. దీనిమీద అప్పులవాళ్ళు చెయ్యి వెయ్యకూడదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 రైతు ఇల్లు, పనిముట్లు జప్తు కాకుండా కాపాడుతోంది. దివాలా చట్టమూ ఆ మినహాయింపుని ఒప్పుకుంటుంది. కానీ కేంద్రం రాసిన ఆ జాబితాలో పునరావాస సొమ్ము పేరెత్తలేదు. ఒక్క వాక్యం చేరిస్తే సరిపోతుంది.

ఇది కొత్త ఆలోచనేం కాదు. ఫ్రాన్సు పట్టుకున్న ఓడల పరిహారం 1891లో మంజూరు చేస్తూ, నష్టపోయినవాడు దివాలా తీసివుంటే సొమ్ము అప్పులవాళ్ళకి కాదు, వారసులకే అని అమెరికా కాంగ్రెస్ రాసింది. 1896లో సుప్రీంకోర్టు సరేనంది. చట్టం చేసేవాళ్ళు సొమ్ము ఎవరికోసమో రాస్తే కోర్టుకి తలనొప్పి ఉండదు. రాయకపోతే ఆ బరువు అటు రైతు కుటుంబం, ఇటు పక్కింటావిడ మొయ్యాలి.

మా ఊరి కొండమీద వెంకన్నకీ కుబేరుడి దగ్గర అప్పుందంటారు. ఆయన ఐపీ పెట్టలేదు, వడ్డీ కడుతూనే ఉన్నాడు. ఆయనకి హుండీ ఉంది. పొలం పోయిన రైతుకి ఏముంది?