కిశోర పాఠకుడు లేని విమర్శ: నెల్లూరు తీరం నుంచి ఒక అభ్యంతరం

తెలుగు విమర్శ కిశోర నవలను చదవడం కన్నా తనిఖీ చేయడమే ఎక్కువ. నీతి ఉన్నదా, భాష శుద్ధంగా ఉన్నదా, ముగింపు మంగళకరమేనా అన్న మూడు ప్రశ్నలతో ఆ తనిఖీ పూర్తవుతుంది. పదమూడుకూ పద్ధెనిమిదికీ నడుమ వయస్సులో ఉన్న పాఠకుడు ఆ నవలలో తన జీవితాన్ని గుర్తుపట్టగలడా అన్న ప్రశ్నకు అక్కడ చోటు లేదు.

పురస్కారాల వర్గీకరణలోనూ ఈ లోపం కనిపిస్తుంది. కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారాన్ని, 2011 నుంచి యువ పురస్కారాన్ని ఇస్తున్నది. మొదటిదానిలో ‘బాల’ అన్నది పాఠకుడి వయస్సు. రెండవదానిలో ‘యువ’ అన్నది ముప్పై ఐదేళ్లు దాటని రచయిత వయస్సు. యౌవనంలోకి అడుగుపెడుతున్న పాఠకుడికి ఈ రెండింటిలోనూ తనదైన పేరు లేదు. నవలలే లేవన్న సమాధానం చెల్లదు. 2024లో బాల సాహిత్య పురస్కారం పొందిన పి. చంద్రశేఖర ఆజాద్ ‘మాయాలోకం’ నవలే. కొరవడినది రచన కాదు, దానిని చదివే ప్రమాణం.

నెల్లూరు జిల్లా కావలిలో పుట్టిన మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ ఇందుకు తగిన ఉదాహరణ. అది నవల కాదన్న మాట నిజమే. అయితే ఒకే పిల్లవాడి కంఠం, ఒకే కుటుంబం, ఒకే పరిసరం ఆ కథలకు నవలకు దగ్గరైన ఐక్యతను ఇచ్చాయి. విమర్శ దానిని ముస్లిం జీవన చిత్రణగా, మాండలిక రచనగా, బాల్య స్మృతిగా గుర్తించింది. మూడూ సబబైన పేర్లే. మూడూ పెద్దల వైపు నుంచి పెట్టిన పేర్లే. పేదరికాన్ని నవ్వుతూ చెప్పే ఆ పిల్లవాడి గొంతు అదే వయస్సు పాఠకుడికి ఏమి ఇస్తుందన్న విచారణ వెనుకబడింది. శీర్షికలోని ‘కతలు’ అన్న మాటే ‘శుద్ధభాష’ అనే కొలమానాన్ని తిరస్కరిస్తుంటే, ఆ కొలమానంతోనే కిశోర రచనలకు విలువ కట్టడం అసంగతం.

అపరిపక్వ పాఠకుడికి నీతి చెప్పక తప్పదన్న వాదానికి సమాధానం అదే జిల్లా చరిత్రలో ఉన్నది. 1990ల తొలినాళ్లలో దూబగుంట స్త్రీలు అక్షరాస్యతా ఉద్యమ వాచకంలో తమవంటి ఒక స్త్రీ కథ చదివారు. దానిని తమ ఇళ్లతో పోల్చి చర్చించి సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అప్పుడే అక్షరాలు నేర్చినవారిని కదిలించినది నీతివాక్యం కాదు, ఆ కథలో తమ జీవితాన్ని గుర్తుపట్టడం. కొత్త అక్షరాస్యులకు సాధ్యమైన ఆ గుర్తింపు పదిహేనేళ్ల విద్యార్థికి సాధ్యం కాదనడానికి ఆధారమేదీ లేదు.

కాబట్టి కిశోర నవలా విమర్శ మూడు ప్రశ్నలను మార్చుకోవాలి. కథ ఎవరి కంటితో నడుస్తున్నది? పాత్రలు తమ ఇంటి భాషలో మాట్లాడుతున్నాయా? ముగింపు పాఠకుడికి ఆలోచించే అవకాశం ఇస్తున్నదా, తీర్పు చెప్పి నోరు మూయిస్తున్నదా?

ఈ ప్రశ్నలు వేయకపోతే నష్టపోయేది విమర్శకులు కారు. మైపాడు, కృష్ణపట్నం తీరంలో వేటకు వెళ్లే ఇంటి పిల్లవాడు, బడి మానేసి రొయ్యల గుంటల పనికి పోయే యానాది పిల్లవాడు, చదువు ఆపించి పెళ్లి చేయబోతున్న బాలిక తమ గురించిన పుస్తకం లేకుండానే ఆ వయస్సు దాటిపోతారు. వారి కోసం రాసిన నవలకు వారి పఠనానుభవం ప్రాథమిక ఆధారం కావాలి. విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు ఆ ఆధారాన్ని తీరంలోని ఉన్నత పాఠశాలల్లో సేకరించి సిద్ధాంత గ్రంథాల్లో నమోదు చేయనంత కాలం, కిశోర నవలపై వెలువడే మూల్యాంకనం పెద్దలు పెద్దల కోసం రాసుకున్న అభిప్రాయంగానే మిగులుతుంది.