బరువు మొయ్యని బండి

పికప్ ట్రక్కు పుట్టిందే బరువు మొయ్యడానికి. అమెరికా పల్లెల్లో గడ్డిమోపులూ, దాణా బస్తాలూ, కంచె గుంజలూ మోసుకొచ్చేది అదే. మరి 1991లో జీఎంసీ కంపెనీ తెచ్చిన సైక్లోన్‌ని ఏమనాలి? టర్బో ఇంజను, 280 అశ్వశక్తి. ఆ ఏడాది కార్ అండ్ డ్రైవర్ పత్రిక పెట్టిన పావుమైలు పరుగులో ఫెరారీ 348ని దాటేసింది. కానీ అది మోయగలిగిన బరువు 500 పౌన్లే, అంటే 227 కిలోలు. మామూలు చిన్న పికప్పు కూడా అంతకంటే చాలా ఎక్కువ మోస్తుంది. మట్టిదారుల్లో నడపొద్దని కంపెనీయే హెచ్చరించింది. అలాంటివి మూడువేల లోపే తయారయ్యాయి. అరుదైనవని ఇప్పటికీ మురిసిపోతుంటారు.

నా అభ్యంతరం వేగం మీద కాదు. వేగం ఆడవాళ్లకూ ఇష్టమే. శ్రమవల్ల వచ్చిన గౌరవాన్ని అట్టే పెట్టుకుని, శ్రమని మాత్రం దించేసుకోవడం మీదే నా కోపం.

మరి ఆ శ్రమ చేసిన స్త్రీల మాటేమిటి? అమెరికా వ్యవసాయ గణనలో 2002కి ముందు ఒక్కో కమతానికి ఒక్క నిర్వాహకుడి వివరాలే రాసుకునేవారు. ఆ ఒక్క గడిలో ఎక్కువగా ఎవరుండేవారో మనకి వేరే చెప్పాలా? ట్రక్కులో బస్తాలు ఎక్కించి, దించి, దాన్ని తోలిన భార్య చాలాచోట్ల లెక్కలోకే రాలేదు. 2002లో ముగ్గురి దాకా రాసుకోవడం మొదలుపెట్టాకే ఆమె కొంతైనా కనిపించింది.

మొయ్యని బండికేమో బలమైనదని బిరుదు. మోసిన మనిషికి గడే లేదు. ఏది బలమో తేల్చే అధికారం ఇన్నాళ్లూ ఎవరి చేతుల్లో ఉందో ఇంతకంటే రుజువు కావాలా? ఎంత వేగమని మురిసేవాళ్లని మనం అడగాల్సింది ఒకటే: మీరు దించేసిన బరువు ఎవరి నెత్తిన పెట్టారు?